మూసీ పుట్టిన అడవి

ఉర్దూలో పత్తర్ అంటే రాయి. హైదరాబాదులో మేముండే పత్తర్‌గట్టికి ఆ పేరు తగినదే. చార్మినార్ నుంచి మూసీనది మీది నయాపూల్ వైపుగా నడిచి వస్తుంటే రోడ్డుకు రెండుపక్కలా రాతితో కట్టిన కమానుల వరస కనిపిస్తుంది. 1908లో మూసీకి పెద్ద వరద వచ్చి నగరాన్ని పాడుచేసింది. ఆ తరవాత 1912లో నగరాభివృద్ధి మండలి అని ఒకటి ఏర్పడింది. ఇరుకు వీథులను వెడల్పు చేసి, ఈ రాతి దుకాణాలు కట్టించినది ఆ మండలివారే. కమానుల కింద ముత్యాలూ, అత్తర్లూ, పెళ్ళిబట్టలూ అమ్ముతారు. ఎండాకాలంలో ఆ రాయి రాత్రి పదిగంటలకు గూడా వెచ్చగానే ఉంటుంది. వానాకాలంలో మటుకు దానిమీద పడిన నీరు ఒక్క నిమిషం నిలవదు. జారి రోడ్డుమీదికి వచ్చి, మోరీలో పడి, మూసీకి పోతుంది.

మా వీథి పిల్లలకు మూసీ అంటే ముక్కు మూసుకుని దాటవలసిన చోటు. నేను ఉద్యోగవిరమణ చేసినప్పటినుంచి సాయంకాలాలు కొందరు పిల్లలు లెక్కలకూ, సైన్సుకూ మా ఇంటికి వస్తున్నారు. ఒకరోజున నదుల పుట్టుక గురించి మాటలు వచ్చాయి. గంగ ఎక్కడ పుట్టిందో చెప్పారు. గోదావరి త్ర్యంబకం దగ్గర పుట్టిందని గూడా చెప్పారు.

"మరి మూసీ?" అని అడిగాను.

ముత్యాలు గుచ్చేవారి అబ్బాయి కాస్సేపు ఆలోచించి, "పురానాపూల్ దగ్గర పెద్ద మోరీ ఉన్నది సార్. దాంట్లనుంచి," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అందరూ అదే అనుకుంటున్నారు కాబోలు! తమ ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న నది ఒక మోరీలో పుట్టిందని పిల్లలు నమ్మితే, బల్లమీద గీతలు గీసి చెప్పే పాఠం చాలదు. మూసీ పుట్టేది వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల అడవిలో. అక్కడికి తీసుకుపోయి చూపిద్దామని ఆనాడే అనుకున్నాను. ఎలాగూ పోతున్నాము గనక, ఒక రాత్రి డేరాల్లో ఉండివద్దామని పిల్లలు పట్టుబట్టారు.

2022 నవంబరులో రెండో శనివారం, ఆదివారం కుదిరాయి. పదకొండుమంది పిల్లలు, వాళ్ళలో నలుగురు ఆడపిల్లలు. పెద్దవాళ్ళం ముగ్గురం: నేనూ, మా ఆవిడా, మా పక్కవీథిలో ఉండే ఒక యువ ఉపాధ్యాయుడూ. తల్లులందరూ అడిగిన ప్రశ్న ఒకటే: "పులులుంటాయా?" పులులు కావాలంటే నల్లమలకు, అమ్రాబాదుకు పోవాలనీ, మేము పోయే అడవిలో నెమళ్ళూ, కోతులూ, అడవిపందులూ ఉంటాయనీ చెప్పాను. ఒక నాయనమ్మ తన మనవడికి అయిదుకిలోల రజాయి కట్టి ఇచ్చింది. వద్దని ఎంత చెప్పినా వినలేదు. ఆ రజాయి రాత్రికి ముగ్గురికి పనికివచ్చింది.

నాంపల్లిలో రైలెక్కాము. లింగంపల్లి దాటాక ఇళ్ళు పలచబడ్డాయి. మొదట్లో కిటికీలోనుంచి బూడిదరంగు గుండ్రాళ్ళ గుట్టలు కనిపించాయి. హైదరాబాదు చుట్టూ ఉండే నల్లసేనపురాయి అది, మా పత్తర్‌గట్టి కమానులు గూడా ఆ జాతి రాయే. వికారాబాదు సమీపించేసరికి గుండ్రాళ్ళు పోయి, ఒకచోట నల్లమట్టి, ఒకచోట ఇటుకపొడిలాటి ఎర్రమట్టి కనిపించసాగాయి. "సార్, నేల రంగు మారింది!" అని మొదట కనిపెట్టినది అత్తరు దుకాణంవారి అమ్మాయి. ఆ మాట జ్ఞాపకం పెట్టుకోమన్నాను.

అడవిలో ఎక్కడపడితే అక్కడ డేరా వేయగూడదు. అటవీశాఖవారి అనుమతి తీసుకోవాలి. వాళ్ళు చూపిన చోటనే ఉండాలి. మాకు చోటు చూపిన అటవీ ఉద్యోగి ఆ పక్క ఊరివాడే. ఆయన ముందుగా నేలను చూడలేదు. తల పైకెత్తి చెట్లను చూశాడు. "ఎండిన కొమ్మ కింద పండుకోవద్దు సారూ. గాలి లేకున్నా విరుగుతది," అన్నాడు. తరవాత ఒక చిన్న వాగు చూపించి, దాని గట్టుకు చాలా ఎగువన, కాస్త వాలుగా ఉన్న జాగా ఇచ్చాడు. చదునుగా మెత్తగా ఉన్నదని వాగు పడకలో డేరా వేయడం తెలివితక్కువ. ఇంకొక షరతు, నిప్పు వెలిగించగూడదు. టేకు ఆకు ఎండితే అప్పడంలా ఉంటుంది. ఒక్క రవ్వ చాలు. అందుచేత రొట్టెలు, పులిహోర, ఉడికించిన గుడ్లు ఇంటినుంచే తెచ్చుకున్నాము. రొట్టెల సంచి ఒకటి మొదటి అరగంటలోనే కోతులు పట్టుకుపోయాయి. మిగిలినవి స్టీలు డబ్బాల్లో ఉండబట్టి బతికిపోయాము.

మధ్యాహ్నం అనంతపద్మనాభస్వామి ఆలయానికి వెళ్ళాము. అక్కడ చెప్పుకునే కథ ఇది. ముచుకుందుడనే రాజు దేవతల పక్షాన ఎంతోకాలం యుద్ధంచేసి అలిసిపోయి, తనకు హాయిగా నిద్ర కావాలనీ, తనను నిద్రలేపినవాడు భస్మమై పోవాలనీ వరం అడిగి, ఒక గుహలో పడుకున్నాడు. కాలయవనుడు తరుముతూంటే కృష్ణుడు ఆ గుహలోకి వచ్చి దాక్కున్నాడు. కాలయవనుడు పడుకున్నవాడే కృష్ణుడనుకుని తన్ని లేపాడు. ముచుకుందుడు కళ్ళు తెరవగానే వాడు బూడిద అయిపోయాడు. తరవాత ముచుకుందుడు కృష్ణుడి పాదాలు కడిగితే ఆ నీరే నది అయిందట. ముచుకుందా నది కాలక్రమాన మూసీ అయిందంటారు. కథ విని పిల్లలు గుహకోసం పరుగెత్తారు. నాకు మటుకు కథలో ఒక ముక్క బాగా నచ్చింది, కొండ లోపల చాలాకాలం నిద్రపోయినది ఏదో లేచి బయటికి రావడం. నిజంగా అక్కడ జరిగేది దాదాపు అదే.

సాయంకాలం డేరాల దగ్గరికి వస్తూ, దారిలో ఒక ఎర్రరాయి ఎత్తి చూపించాను. దానినిండా చిల్లులే. తేనెపట్టులాగా, బాగా పొంగిన రొట్టెలాగా ఉన్నది. దీన్ని భూగర్భశాస్త్రజ్ఞులు లాటరైటు అంటారు. లాటిన్ భాషలో 'లేటర్' అంటే ఇటుక. 1807లో బుకానన్ అనే ఆయన కేరళలో ఇలాటి రాతిని ఇటుకల్లా కోసి ఇళ్ళు కట్టడం చూసి ఆ పేరు పెట్టాడు. ఇది పుట్టిన విధం చిత్రమైనది. దాదాపు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం దక్కనులో చాలాభాగంమీద లావా ప్రవహించి గడ్డకట్టి నల్లరాయి అయింది. ఆ లావా రాతి అంచు ఈ వికారాబాదు ప్రాంతంలో ఉన్నది. లక్షల సంవత్సరాలు వానలు కురిసి కురిసి, ఆ రాతి పైభాగంలో కరగగలిగిన పదార్థాలన్నీ కరిగిపోయాయి. కరగని ఇనుము మిగిలి తుప్పు పట్టింది. ఎరుపు ఆ తుప్పుదే. పోయినవాటి జాగాలో చిల్లులు మిగిలాయి.

"మన పత్తర్ నీళ్ళు పారబోస్తది, గీ పత్తర్ తాగుతదా సార్?" అన్నాడు ముత్యాలవారి అబ్బాయి.

తాగుతుందో లేదో చూడడానికే నేను ఒక వస్తువు తెచ్చాను. అది నూనెడబ్బా. పైమూత, అడుగు రెండూ కోసేసి, అంచులు చేయి తెగకుండా సుత్తితో మడిచాను. మీరూ చేయవచ్చు, కోసే పని మాత్రం పెద్దవాళ్ళచేత చేయించండి. ఈ డబ్బాను నేలలోకి రెండు వేళ్ళ లోతు దిగేటట్టు నొక్కి, అందులో లీటరు నీళ్ళు పోసి, అవి ఇంకడానికి ఎంతసేపు పడుతుందో గడియారంలో చూడాలి. అంతే.

మొదట మనుషులు నడిచి నడిచి గట్టిపడిన కాలిబాటమీద పెట్టాము. పది నిమిషాలయింది. నీళ్ళు అలాగే ఉన్నాయి. పిల్లలకు విసుగుపుట్టింది. ఇరవైమూడు నిమిషాలకు గాని అడుగు కనిపించలేదు. తరవాత అక్కడికి పది అడుగుల దూరంలో, చెట్లకింద, రాలిన ఆకులు తప్పించకుండా అలాగే డబ్బా గుచ్చి మళ్ళీ లీటరు నీళ్ళు పోశాము. రజాయిలు కుట్టే ఆయన కొడుకు గడియారం పట్టుకున్నాడు. వాడు పదేళ్ళవాడు, ఎక్కువగా మాట్లాడడు. రెండు నిమిషాలు నిండకముందే డబ్బాలోకి వంగి చూసి, "పానీ కాఁ గయా సాబ్?" అన్నాడు. నీళ్ళు ఎక్కడికి పోయినై అని.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి కర్రతో నేల తవ్వి చూపించాము. పైన ఎండుటాకులు. వానచినుకు వేగంగా వచ్చి నేలను కొట్టకుండా అవి అడ్డుపడతాయి. వాటికింద సగం కుళ్ళిన ఆకు, దానికింద నల్లని మెత్తని మట్టి, అందులో వానపాములూ, చెదలూ, చీమలూ చేసిన బొరియలు, ఎండిపోయిన వేళ్ళు వదిలిన సన్నని గొట్టాలు. నీరు వీటిగుండా దిగి చిల్లుల రాతిలోకి పోతుంది. దాని అడుగున బంకమట్టి, గట్టి నల్లరాయి ఉంటాయి గనక ఇంకా కిందికి సులభంగా పోలేదు. పక్కకు మళ్ళి, మెల్లిగా, ఎంతో మెల్లిగా నడిచి, కొండ వాలులో ఎక్కడో ఊటగా బయటికి వస్తుంది. ఆషాఢంలో కురిసిన వాన కార్తీకంలో వాగుగా పారుతుందన్నమాట.

అడవి ఉంటే వరదే రాదని కొందరు రాస్తారు. అది నిజం కాదు. డబ్బాలో మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోస్తే రెండునిమిషాలు కాస్తా అయిదయింది, ఎనిమిదయింది. తాగగలిగినంత తాగాక అడవినేల గూడా ఇక చాలంటుంది. పైగా చెట్లు తమకోసం బోలెడు నీరు తీసుకుని ఆకులగుండా గాలిలోకి వదిలేస్తాయి. అడవి నీటిని పుట్టించదు. వచ్చిన నీటిని ఆలస్యం చేస్తుంది. అయితే, ఆ ఆలస్యం విలువ ఎంతో ఆ రాత్రి ఒక పిల్లవాడు నన్ను అడిగాడు.

పున్నమి వెళ్ళి నాలుగురోజులయింది. చంద్రుడు ఇంకా రాలేదు. కీచురాళ్ళ రొద, మధ్యమధ్య ఏదో గుడ్లగూబ. అందరూ డేరాల్లో దూరాక చూస్తే రజాయీ ఆయన కొడుకు బయట ఒక రాతిమీద కూర్చుని ఉన్నాడు. బూట్లు విప్పలేదు. భుజాన సంచి ఉన్నది.

"ఏంరా, నిద్ర రాలేదా?"

"నీళ్ళ చప్పుడు పెద్దగయితున్నది సార్."

వాగు చప్పుడు ఎంత ఉన్నదో అంతే ఉన్నది. కాని రాత్రిపూట చుట్టూ సద్దుమణిగితే అది పెద్దగా వినిపిస్తుంది. ఆ మాట చెప్పబోయి, వాడి ముఖం చూసి ఆగిపోయాను. వాళ్ళు మా వీథికి వచ్చి రెండేళ్ళే అయింది. అంతకుముందు నగరానికి దక్షిణాన, ఒక చెరువుకు దిగువన ఉన్న బస్తీలో ఉండేవారు. 2020 అక్టోబరు 13న హైదరాబాదులో ఒక్కరోజులో 19 సెంటీమీటర్ల వాన కురిసింది. ఆ రోజుల్లోనే వాళ్ళ ఎగువ చెరువు కట్ట తెగింది.

"రాత్రి మెట్లమీద కూసున్నం సార్. ఒక్కో మెట్టు మునుగుతుంటే నేను లెక్కపెట్టిన. తొమ్మిది మెట్లు. పదో మెట్టుకాడ ఆగింది," అన్నాడు. తరవాత చాలాసేపు ఏమీ అనలేదు. అప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు.

భయపడవద్దని చెప్పడం సులభం. భయపడవద్దంటే భయం పోయిన పిల్లవాణ్ణి నా ఉద్యోగకాలమంతటిలో నేను చూడలేదు. లెక్కపెట్టడం వాడికి వచ్చిన విద్య గనక, మళ్ళీ లెక్కే పెడదామన్నాను. ఒక కర్ర తీసుకుని దానిమీద వేలు వెడల్పున చాకుతో గీతలు పెట్టాము. టార్చి పట్టుకుని ఇద్దరం దిగి, వాగు అంచున నీళ్ళలో ఆ కర్ర పాతాము. నీరు నాలుగో గీతదగ్గర ఉన్నది. తొమ్మిదిన్నర అయింది. పుస్తకంలో రాసుకున్నాడు.

పదింటికి మళ్ళీ చూశాము. నాలుగో గీతే.

ఆ మధ్యకాలంలో వాడికి 1908 సంగతి చెప్పాను. ఆ సంవత్సరం సెప్టెంబరు 28న మూసీ పొంగింది. పైన ఉన్న చెరువులు రెండువందలకు పైగా తెగి ఆ నీరంతా ఒక్కసారి నగరంమీదికి వచ్చింది. ఇంచుమించు 15,000 మంది పోయారని చెబుతారు. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ ఆనాడు తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకుని తానొక్కడే మిగిలాడు. అఫ్జల్ పార్కులో ఒక చింతచెట్టు ఉండేది. దాని కొమ్మలు పట్టుకుని 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనిదే. తరవాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన సలహామీద నగరానికి ఎగువన నీటిని ఆపడానికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి.

"అంటే ఆయన గూడ నీళ్ళను లేటు చేసిండా సార్?" అన్నాడు.

నేను చెప్పిన పాఠాలలో దేనికీ ఇంత మంచి సారాంశం ఏ పిల్లవాడూ చెప్పలేదు.

పదిన్నరకు నాలుగో గీత. పదకొండింటికి నాలుగో గీత.

"మరి మా కాడ నేల ఎందుకు తాగలేదు సార్?"

తాగడానికి నేల ఎక్కడున్నది? ఇళ్ళూ, రోడ్లూ, సిమెంటు. నీరు ఆగవలసిన చెరువులలో సగం పూడ్చి ఇళ్ళు కట్టుకున్నారు. ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకు ఇంకొకచోట జాగా దొరికితే అక్కడ ఎందుకు కట్టుకుంటారు? ఈ రెండో సంగతి గూడా వాడికి చెప్పాను, ఎందుకంటే వాడి తండ్రి అలా కట్టుకున్నవాళ్ళలో ఒకడు. పిల్లవాడు తన తండ్రిది తప్పు అనుకుంటూ పడుకోగూడదు.

పదకొండున్నరకు వాడు ఒక్కడే టార్చి తీసుకుని దిగి చూసి వచ్చాడు. రాసుకున్నాడు. బూట్లు విప్పి డేరా బయట బోర్లా పెట్టాడు. రాత్రి తేళ్ళు దూరకుండా అలా పెట్టాలని సాయంకాలం అటవీ ఉద్యోగి చెప్పాడు. ఆ అయిదుకిలోల రజాయిలో మూడోవాడుగా దూరాడు.

పొద్దున్నే వాగు వెంట పైకి బయలుదేరాము. ఎక్కినకొద్దీ నీరు తగ్గిపోయింది. వాగు జానెడు అయింది, బెత్తెడు అయింది. చివరకు ఒక ఎర్రరాతి గట్టుకింద, నాచుపట్టిన చోట, తడి మాత్రం మిగిలింది. చినుకులు ఒకటొకటిగా రాలుతున్నాయి.

"ఇదేనా?" అన్నది అత్తరువారి అమ్మాయి. దానికి పెద్ద నిరాశ కలిగింది. గంగోత్రి ఫోటోలాటిది ఏదో అనుకున్నది పాపం! ఇదీ ఒకటి, ఇలాటివి ఈ కొండల్లో ఎన్నో ఉన్నాయనీ, అన్నీ కలిసి మూసీ అవుతుందనీ, లంగర్‌హౌజ్ దగ్గర ఈసీ అనే ఇంకొక ఏరు వచ్చి కలుస్తుందనీ, మొత్తం 240 కిలోమీటర్లు నడిచి వాడపల్లి దగ్గర కృష్ణలో పడుతుందనీ చెప్పాను. ఆ అమ్మాయి అరచేయి పట్టి, అది నిండేదాకా ఓపిగ్గా నిలబడి, వాసన చూసింది. "వాసన లేదు సార్!" అన్నది. మిగతా పదిమందీ వరసలో నిలబడ్డారు. అందరూ వాసన చూసేటప్పటికి తొమ్మిదయింది. రైలు అందుతుందో లేదో అని నాకు కంగారు.

తిరిగి వచ్చాక ఆ నూనెడబ్బా నా దగ్గర లేదు. రజాయీ ఆయన కొడుకు అడిగి పట్టుకుపోయాడు. పత్తర్‌గట్టి చుట్టుపక్కల డబ్బా గుచ్చడానికి మట్టి ఎక్కడెక్కడ ఉన్నదో వెతుకుతూ నెలరోజులు తిరిగాడు. ఆరుచోట్లు దొరికాయి. పుస్తకంలో గళ్ళు గీసి చోటు, తారీఖు, పట్టిన నిమిషాలు రాశాడు. బడి ఆటస్థలంలో నలభై నిమిషాలు. ఒక పాతహవేలీ పెరట్లో పదిహేడు. బండ్లు నిలిపేచోట గంటకు గూడా ఇంకలేదని, చీకటిపడి ఇంటికి వచ్చేశానని రాశాడు. ఆరో వరసలో, ఒక మసీదు వెనక వేపచెట్టు మొదట్లో, నాలుగు నిమిషాలు. దానికి ఎదురుగా ఎర్రసిరాతో, "వాన పడినంక మళ్ళ చూడాలె" అని ఉన్నది.